పందితోక అచ్చియమ్మ

ఊఁ కొట్టేవాళ్ళు ఇటు జరగండి, ఆవలించేవాళ్ళు అటు జరగండి. నేను సగంలో ఆపి మళ్ళీ మొదలెట్టే రకం కాదు.

మీ తాతలకి తాతలు ఇంకా దోగాడుతున్న కాలంలో, ఏటి ఒడ్డున ఓ ఊరుండేది. ఆ ఊళ్ళో మూటలు మోసే ముసలాయన ఒకడు. కొండలెక్కే తెల్లదొర ఎవరికో సామాను మోస్తే, ఆ దొర పోతూ పోతూ తన మడతకత్తి ఇచ్చి పోయాడు. దాంట్లో మూడు ఇనుములు. ఒకటి పెద్ద కత్తి. ఒకటి చిన్న కత్తి. మూడోది మెలికలు తిరిగిన ముల్లు. ఆ మూడోది ఎందుకో ముసలాయనకి తెలీదు, ఊళ్ళో ఎవరికీ తెలీదు.

ముసలాయన పోయాడు. పిల్లలు ముగ్గురు. ఆస్తి అంటే ఆ కత్తే. కమ్మరి దగ్గర మూడు ముక్కలు చేయించి, మూడింటికీ పిడులు వేయించుకున్నారు. పెద్దోడు గవరయ్య పెద్ద కత్తి తీసుకున్నాడు. రెండోవాడు సన్యాసి చిన్న కత్తి తీసుకున్నాడు. ఆడపిల్ల అచ్చియమ్మకి మెలికల ముల్లు మిగిలింది.

"నీకు పందితోక వచ్చిందే చెల్లీ" అని అన్నలిద్దరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. ఊరూ నవ్వింది. ఆ పూట నుంచి ఆమె పందితోక అచ్చియమ్మ. ఆమె కూడా నవ్వేసి, దానికి గుడ్డ చుట్టి, బొడ్లో దోపుకుని కూలికి పోయింది.

మరి అది ఊరికే ఉందా? వానకి తడిసి ఆవు పలుపు బిగుసుకుపోయేది. కత్తి తెస్తానంటూ ఇంటాయన లేచేవాడు.

"కొయ్యడం ఎంతసేపు? ముందు విప్పి చూద్దాం" అనేది అచ్చియమ్మ. ముల్లు మొన ముడిలో దూర్చి మెల్లగా తిప్పేది. తాడు తాడులాగే ఉండేది, ఆవు మేతకి పోయేది.

కొత్త కోడలి లంగా బొందు లోపలికి జారిపోయి, ఆ పిల్ల సిగ్గుతో గదిలోంచి రానంటే, అత్తగారు కత్తెర తెచ్చేది. "కొయ్యడం ఎంతసేపు? ముందు విప్పి చూద్దాం" అని అచ్చియమ్మ ఆ కొసని ముల్లుతో పట్టి ఇవతలికి లాగేది. కాలుతున్న గంజికుండ మూత దాంతోనే ఎత్తేది. తూములో ఇరుక్కున్న పీలిక దాంతోనే లాగేది. చేలో పనికొచ్చినప్పుడు పాక గుంజకి దాన్ని తిప్పి దించి, అందరి అన్నం మూటలూ చీమలకందకుండా దానికే తగిలించేది. ఒక్క పందితోక, నూటొక్క పనులు.

ఇప్పుడు కాస్త నోళ్ళు మూసుకుని వినండి.

ఆ ఊళ్ళో నరసాయమ్మ అని ఒక తల్లి. ఇద్దరు బిడ్డల్ని పోగొట్టుకుంది. మూడోవాడు పుట్టాడు. మగపిల్లాడికి నడుం చుట్టూ మొలతాడు కడతారు కదా, అది పాతదైతే విప్పి కొత్తది కడతారు గానీ, ఆ ఊళ్ళో బతికుండగా తెంచరు. తెంచేది మనిషి పోయాకే. ఈ బిడ్డైనా తనని వదిలిపోకూడదని నరసాయమ్మ మొలతాడుకి ఒక ముడి కాదు, ఒకదాని మీద ఒకటి మూడు ముళ్ళు వేసింది. పిచ్చి తల్లి. ప్రేమ కొద్దీ వేసింది.

పిల్లాడికి జబ్బు చేసి పొట్ట ఉబ్బింది. మొలతాడు ఒంట్లోకి దిగిపోయింది. చుట్టూ నల్లగా కమిలిపోయింది. ఏడ్చి ఏడ్చి వాడికి గొంతు కూడా లేదు.

గవరయ్య పెద్ద కత్తితో పరిగెత్తుకొచ్చాడు. నరసాయమ్మ బిడ్డని గుండెకి అదుముకుంది. "ముట్టుకోకు అన్నా. ప్రాణమున్నవాడికి మొలతాడు తెంచుతావా? నా చేతులతో నేను సాగనంపినట్టే."

సన్యాసి చిన్న కత్తి తెచ్చాడు. ఎలాగో తల్లిని ఒప్పించారు గానీ, తాడుకీ చర్మానికీ మధ్య కత్తి పట్టే చోటే లేదు. సన్యాసి కత్తి మొలలో దోపుకుని పక్కకి జరిగాడు.

అప్పుడు అచ్చియమ్మ వచ్చి కూర్చుంది. ముళ్ళ మీద ఆముదం పోసింది. మొన పైముడిలో పెట్టి వెంట్రుకవాసి తిప్పింది. ఆగింది. మళ్ళీ తిప్పింది. చెమట కళ్ళలోకి కారుతుంటే తుడుచుకోలేదు. మొదటి ముడి వదిలింది. రెండోది వదిలింది. మూడోది రాలేదు. "నా తల్లివి కదూ, కదులు" అని ముడిని బతిమాలింది. అది కదిలింది.

పిల్లాడు నిండా ఊపిరి పీల్చి, గొంతెత్తి ఏడ్చాడు. నరసాయమ్మ ఆమె కాళ్ళ మీద పడబోతే, "ముందు పిల్లాడికి పాలు పట్టవే" అని కసిరింది అచ్చియమ్మ. వాడు గట్టెక్కాడు.

కొన్నాళ్ళకి ఇంకో దొర అటుగా పోతూ ఆ ముల్లు చూసి నవ్వాడు. ఇది సారా సీసా బిరడా లాగేదని చేతులతో చూపించాడు. "పాపం, వాళ్ళ ఊళ్ళో తాళ్ళకి ముడులు పడవు కాబోలు" అని అచ్చియమ్మ జాలిపడింది.

ఆమె ముసలిదైంది. ఒక వానాకాలం పొద్దున పోయింది. పెళ్ళి లేదు, పిల్లల్లేరు. సాగనంపడానికి ఎవరొస్తారని గవరయ్య బెంగపడ్డాడు. తీరా చూస్తే పొయ్యి వెలిగించిన ఇల్లు లేదు. అంతా పాడె వెనకే ఉన్నారు.

కాటి దగ్గర పాడె కట్లు కోసేయడం ఆనవాయితీ. గవరయ్య కత్తి తీశాడు. నరసాయమ్మ కొడుకు, అప్పటికి మీసాలొచ్చినవాడు, ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"తాతా, ఆమెకి కత్తి పెడతావా?"

గవరయ్య కత్తి ఏట్లోకి విసిరేశాడు. ఆ కుర్రాడు పందితోకతో ఒక ముడి విప్పి, పక్కవాళ్ళకిచ్చాడు. తాళ్ళు వానకి నాని బిగుసుకున్నాయి. ముడికొకరు కూర్చున్నారు. ఆవు గలాయన విప్పుతూ ఆవు సంగతి చెప్పాడు. లంగా బొందు కోడలు, అప్పటికి మనవలున్నది, నవ్వుతూ ఏడుస్తూ తన సంగతి చెప్పింది. చివరి ముడి గవరయ్యది. పట్టుకోడం చేతకాక వేలికి గుచ్చుకున్నాడు. "నేను నవ్వానే చెల్లీ" అన్నాడు. అది విప్పేసరికి పొద్దు వాలిపోయింది.

ఆ ముల్లు ఎప్పుడో తుప్పు పట్టి పోయింది. కానీ ఆ ఊళ్ళో ఇప్పటికీ పాడెకి కత్తి పెట్టరు. ఉన్నోడైనా లేనోడైనా, నా అన్నవాళ్ళు లేనోడైనా సరే, ముడికొకరు కూర్చుని వేళ్ళతో విప్పుతారు. విప్పేవాళ్ళు, పోయిన మనిషి తమకి చేసిన మేలు ఒక్కటైనా చెప్పాలి. గుర్తు రాకపోతే గుర్తొచ్చేదాకా కూర్చోవాలి. అందుకే ఆ ఊళ్ళో కాటికి వెళ్ళినవాళ్ళు బాగా పొద్దుపోయి ఇంటికొస్తారు. ఎందుకింత ఆలస్యమని ఇంట్లో ఎవరూ అడగరు.