పవిత్ర శుక్రవారం మోగిన గంట

ఊఁ కొడతారా పిల్లలూ? మీరు ఊఁ కొడితేనే నా కథ నడుస్తుంది. మీ గొంతు ఆగిందా, నా కథా ఆగిపోతుంది. సరే, వినండి మరి.

అనగనగా మిరప చేల నడుమ ఒక ఊరు. ఊరి పేరు జోజిపేట. ఊరికి తూర్పున ఒక గుట్ట. పడమట తాటాకు ఇళ్ళ వాడ. నడిమధ్యన సున్నం కొట్టిన తెల్లటి దేవాలయం. దాని పక్కనే ఎత్తయిన గోపురం, ఆ గోపురంలో కంచు గంట. ఖంగుమని ఒక్కసారి మోగిందంటే చేలల్లో మిరపకాయలు కోసే కూలీలు కూడా నడుం ఎత్తి సిలువ గుర్తు వేసుకునేవాళ్ళు.

ఆ గంట కొట్టే మనిషి ఇన్నాసమ్మ. కందికట్టెలా సన్నగా, పొడుగ్గా ఉండేది. కుడి మోకాలు మాత్రం వాచిపోయి మాట వినేది కాదు. భర్త బతికున్నన్నాళ్ళూ గంట ఆయనే కొట్టేవాడు. ఆయన పోయాక ఆ తాడు ఆమె చేతికి వచ్చింది. ఇరవై రెండేళ్ళు! వానకు ఆగలేదు, జ్వరానికి ఆగలేదు. "పొద్దు పొడవడం మరిచిపోయినా ఇన్నాసమ్మ గంట మరిచిపోదు" అని ఊళ్ళో సామెతే పుట్టింది.

నలభై రోజుల ఉపవాసాల తపస్కాలం వచ్చింది. విభూది బుధవారం నాడు అందరి నొసళ్ళ మీదా బూడిద సిలువలు వెలిశాయి. ఇళ్ళలో మాంసం కుండలు బోర్లించారు. పిల్లలు సైతం బెల్లం ముక్క నోట పెట్టుకోబోయి నాలుక కరుచుకున్నారు. శుక్రవారం శుక్రవారం ప్రభువు సిలువ మోసిన దారిని తలచుకుంటూ సిలువ మార్గం. అలా రోజులు గడిచి గడిచి పవిత్ర గురువారం రానే వచ్చింది.

ఆ సాయంత్రం పూజలో ఇన్నాసమ్మ చేయి తిరిగినంతసేపు గంట కొట్టింది. ఆ తర్వాత గంటకు మౌనం. అది క్రైస్తవ తిరుసభ ఆచారం. ప్రభువు శ్రమలను తలచుకునే వేళ కనుక ఆయన తిరిగి లేచిన ఆదివారం, పాస్కా పండుగ దాకా గంట నోరు విప్పకూడదు. ఆ ఊరి విచారణ గురువులు గాబ్రియేలు ఫాదరుగారు స్వయంగా నిచ్చెన ఎక్కి, గంట నాలుకను ఊదారంగు గుడ్డతో చుట్టి, గట్టిగా ముడి వేశారు. తాడును పైకి లాగి కొక్కేనికి తగిలించారు.

"ఇన్నాసమ్మా, ఇక దీని బాధ్యత నీదే" అన్నారు.

"నా చేతులైనా కట్టేసుకుంటాను గానీ ఫాదరుగారూ, దాని జోలికి పోను" అంది ఇన్నాసమ్మ.

గంటకు బదులు ఆమె చేతికి చెక్కగిలక ఇచ్చారు. పిడి పట్టుకుని గిరగిరా తిప్పితే టకటకటకా అని మోగుతుంది. వీధి వీధికీ తిరిగి దానితోనే జనాన్ని ప్రార్థనకు పిలవాలి.

తెల్లవారింది. పవిత్ర శుక్రవారం.

ఇన్నాసమ్మ దేవాలయం మెట్లు ఊడుస్తుండగా ఒక జట్కా వచ్చి ఆగింది. పట్నం నుంచి మిర్చి వ్యాపారి సుబ్బరామయ్య దిగాడు. వెంట నలుగురు చుట్టాలు.

"ఏమమ్మా, మీ గంట మోత మూడూళ్ళ దాకా వినిపిస్తుందటగా! మావాళ్ళకు వినిపిద్దామని తీసుకొచ్చాను. ఏదీ, ఒక్క దెబ్బ కొట్టు" అన్నాడు.

"ఈవేళ కుదరదయ్యా. గంటకు మౌనం."

"ఒక్కటంటే ఒక్కటే! ఇదిగో, ఈ పట్టుచీర నీకే." జట్కాలోంచి చిలకపచ్చ చీర తీసి మడత విప్పాడు. ఎండలో జరీ అంచు తళుక్కుమంది.

ఇన్నాసమ్మ పుట్టి బుద్ధెరిగి పట్టుచీర కట్టి ఎరగదు. ఆమె చూపు ఒక్క క్షణం ఆ అంచు మీద నిలిచింది. ఆ వెంటనే చీపురు ఎత్తి గట్టిగా విదిలించింది.

"ఆదివారం రండయ్యా. మీ చెవులు గింగురుమనేదాకా కొడతాను. చీర అక్కర్లేదు" అంది.

చుట్టాలు గొల్లున నవ్వారు. వ్యాపారి చీర మడిచి జట్కా ఎక్కాడు.

గంట సేపైనా గడవలేదు. పొరుగింటి లూర్దమ్మ జుట్టు ముడి ఊడిపోతుండగా రొప్పుకుంటూ పరుగెత్తుకొచ్చింది.

"వదినా! వదినా! కొంప మునిగింది! గేదెలు కట్లు తెంపుకుని మా కల్లంలో పడ్డాయి! ఏడాది పంటంతా గిట్టల కింద నలిగిపోతోంది! మగాళ్ళంతా గుట్ట మీద సిలువలు పాతుతున్నారు. గంట కొట్టు వదినా, దిగి వస్తారు!"

లూర్దమ్మ ఇంటిల్లిపాదీ ఎండలో మాడి పండించిన మిరప అది. ఇన్నాసమ్మ చేయి గోపురం వైపు సాగబోయింది. అంతలో నడుముకు దోపుకున్న చెక్కగిలక గుచ్చుకుంది.

"గంట వద్దు, దీనితోనే అవుతుంది! పద!" అంటూ మోకాలు ఈడ్చుకుంటూనే ఉరికింది.

కల్లం నిండా ఎర్రెర్రని మిరప. దాని మీద ఇరవై నల్లటి గేదెలు! ఇన్నాసమ్మ గిలక పైకెత్తి తిప్పింది. టకటకటకటకా! అలాంటి చప్పుడు ఆ గేదెలు పుట్టాక వినలేదు. మొదటిది చెవులు రిక్కించింది, రెండోది బుస కొట్టింది, మూడోది తోక నిటారుగా లేపి దౌడు తీసింది. అంతే! మందకు మంద తోకలు లేపుకుని పోయి ఊరి పక్క ఏట్లో పడింది. మిరప ఘాటుకు లూర్దమ్మ తుమ్ముతూనే నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. ఓ మూల కాస్త నలిగింది, మిగతా పంట దక్కింది.

ఇన్నాసమ్మ వెనక్కి వస్తూ, "చూశావా ప్రభువా, నీ గంట ముట్టకుండానే గట్టెక్కించాను" అని లోలోపల పొంగిపోయింది.

మధ్యాహ్నం అయింది. ఊరు ఊరంతా సిలువ మార్గానికి కదిలింది. ముందు ఫాదరుగారు, ఆయన పక్కన పెద్ద సిలువ మోస్తూ సంఘపెద్ద రాయపరెడ్డి, వెనక ఆడా మగా పిల్లా జెల్లా. పాటలు పాడుకుంటూ గుట్ట ఎక్కసాగారు. మోకాలి నొప్పితో ఇన్నాసమ్మ దేవాలయం దగ్గరే ఉండిపోయింది. పడమటి వాడలో మంచం పట్టిన ముసలివాళ్ళు, ఉయ్యాలల్లో పసివాళ్ళు, మొన్ననే ప్రసవించిన బాలింత తెరేజమ్మ మిగిలారు.

వడగాలి వీస్తోంది. మూడు కావస్తోంది. ప్రభువు ప్రాణం విడిచిన వేళ. ఇన్నాసమ్మ మోకరించి కళ్ళు మూసుకుంది.

ముక్కుకు కమురు వాసన తగిలింది.

కళ్ళు తెరిచింది. పడమటి వాడ మీద సన్నటి పొగ. చూస్తుండగానే అది నల్లబడింది, లావెక్కింది. దాని అడుగున భగ్గుమని ఒక నాలుక లేచింది. మంట! ఎవరి పొయ్యిలోంచో రేగిన నిప్పురవ్వ తాటాకుల మీద పడింది!

ఇన్నాసమ్మ వీధిలోకి పరుగెత్తింది. "నిప్పు! నిప్పు!" అని అరిచింది. గిలక తిప్పింది. ఎవరు వింటారు? గుట్ట అరకోసు దూరం. ఎదురుగాలి ఆ చప్పుడును నోట్లోకే తోసేస్తోంది. ఇంకా గట్టిగా తిప్పింది. ఫట్! గిలక పిడి విరిగి చేతిలో ఉండిపోయింది.

మొదటి ఇల్లు అంటుకుంది. వరసలో మొత్తం పన్నెండు ఇళ్ళు. తాను వెళితే ఒకరిని మోసుకు రాగలదు. ఈ మోకాలితో మహా అయితే ఇద్దరిని. తక్కినవాళ్ళు?

తల ఎత్తి గంట వైపు చూసింది. ఊదా గుడ్డ. ఫాదరుగారు వేసిన ముడి. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారీ తప్పని మాట.

"ప్రభువా! తప్పయితే నా ఒక్కదాని మీదే వెయ్యి!" అంటూ నిచ్చెన పట్టుకుంది.

ఒక మెట్టు. మోకాలు కలుక్కుమంది. రెండో మెట్టు. కళ్ళు బైర్లు కమ్మాయి. పళ్ళు బిగించి ఎక్కింది, ఎక్కింది, చివరి మెట్టు అందుకుంది. విప్పబోతే ముడి రాలేదు. నోటితో కరిచి పట్టి లాగింది. పర్రున చిరిగింది గుడ్డ!

తాడు కోసం చూడలేదు. గంట నాలుకను రెండు చేతులా పట్టుకుని కంచుకేసి బాదింది.

ఖంగ్! ఖంగ్! ఖంగ్!

గుట్ట మీద పాట తెగిపోయింది. పైనుంచి ఆమెకు అంతా కనిపిస్తోంది. ఊరికి వీపు పెట్టి చీమల బారులా సాగుతున్న జనం ఎక్కడివారక్కడ ఆగిపోయారు. కానీ ఎవరూ కదలరేం? అక్కడ రాయపరెడ్డి సిలువ దించి, "ఈవేళ గంటా! ఎవరా పాపం కట్టుకున్నది!" అని గర్జిస్తున్నాడని ఆమెకు తర్వాత గానీ తెలియలేదు.

రెండో ఇల్లు అంటుకుంది. "రండి! రండిరా నాయనలారా!" అని ఏడుస్తూ బాదింది. అరచేతులు చిట్లాయి. బాదుతూనే ఉంది.

అప్పుడు గుట్ట మీద ఒక తెల్లటి బొమ్మ మిగతావాళ్ళ నుంచి విడివడింది. అంగీ మోకాళ్ళ దాకా ఎగదోపుకుని, రాళ్ళ మీద గంతులు వేస్తూ కిందికి దూకుతోంది. ఫాదరుగారు! ఆయన వెనక పడుచువాళ్ళు, వాళ్ళ వెనక ఆడవాళ్ళు, గుట్టంతా ఒక్కసారిగా ఊరి మీదికి దొర్లినట్టు వచ్చిపడ్డారు!

కొందరు ఇళ్ళలో దూరి ముసలివాళ్ళను మంచాలతో సహా ఎత్తుకొచ్చారు. లూర్దమ్మ రెండు చంకల్లో ఇద్దరు పసివాళ్ళతో బయటపడింది. పడుచువాళ్ళు ఆరో ఇంటి మీదికెక్కి తాటాకు పీకి పారేశారు. బావి నుంచి బిందెలు చేతులు మారుతూ వచ్చాయి. ఐదు ఇళ్ళు కాలిపోయాయి. ఆరో ఇంటి దగ్గర ఎండుకప్పు దొరక్క మంట తలవంచింది.

ఊపిరి బిగబట్టి తలలు లెక్కపెట్టారు. ముసలివాళ్ళు తొమ్మిదిమంది, ఉన్నారు. పసివాళ్ళు ఏడుగురు, ఉన్నారు. తెరేజమ్మ బిడ్డను గుండెకు హత్తుకుని గోడ వారన కూర్చుంది. ఒక్క ప్రాణం కూడా పోలేదు!

ఎవరో వెళ్ళి ఇన్నాసమ్మను నిచ్చెన దించుకొచ్చారు. ఆమె ఫాదరుగారి ముందు కూలబడింది. రాయపరెడ్డి అక్కడే నిలబడి ఉన్నాడు.

"ఫాదరుగారూ, మాట తప్పాను. ప్రభువు పోయిన వేళ గంట కొట్టాను. ఏ శిక్ష వేస్తారో వెయ్యండి."

"వెయ్యాల్సిందే" అన్నాడు రాయపరెడ్డి. కానీ గొంతులో ఇందాకటి గర్జన లేదు. "ఆచారం ఆచారమే కదండీ, ఫాదరుగారూ?"

ఫాదరుగారి అంగీ నిండా మసి. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని, చిట్లిన ఆమె అరచేతులను తన చేతుల్లోకి తీసుకున్నారు.

"రెడ్డిగారూ, ఈవేళ గంట ఎందుకు మోగదు?"

"ప్రభువు మనకోసం ప్రాణం ఇచ్చాడు గనక."

"మరి ఆయన ఎవరికోసం ప్రాణం ఇచ్చాడో, వాళ్ళు మంటల్లో ఉంటే గంట మూగగా ఉండాలా?"

ఎదురుగా తెరేజమ్మ ఒడిలో పసికందు కెవ్వుమంది. రాయపరెడ్డి వంగి ఆ బిడ్డ నుదుటి మీది మసి తుడిచాడు.

"ఇన్నాసమ్మా, పొద్దుటి సంగతులు నా చెవిన పడ్డాయి. పట్టుచీరకు నువ్వు గంట కొట్టలేదు. గిలకతో పనయ్యే చోటా కొట్టలేదు. ప్రాణాల కోసం కొట్టావు. మౌనానికి విలువ ఇచ్చిన నీకే దాన్ని ఎప్పుడు విడవాలో తెలిసింది. నీకు శిక్ష లేదు తల్లీ" అన్నారు ఫాదరుగారు. తర్వాత లేచి జనం వైపు తిరిగారు. "తపస్సు ఇంకా పూర్తి కాలేదు. పండుగ నాటికి ఈ వాడలో నెత్తి మీద కప్పు లేని ఇల్లు ఉండకూడదు!"

హోరుమన్నారు జనం! శనివారం పొద్దుటే ఊళ్ళో బండ్లన్నీ తాటి తోపుకు కదిలాయి. ఆకులు కొట్టేవాళ్ళు కొట్టారు, మోసేవాళ్ళు మోశారు. కాలిన ఐదూ, కప్పు పీకిన ఒకటీ, ఆరిళ్ళ మీద పచ్చి తాటాకుల వాసన గుప్పుమంది. ఆరింట్లోనూ ఎత్తయిన కప్పు మీద, తలపాగా చుట్టుకుని, చేతులకు గీతలు పడుతున్నా ఆకులు బిగిస్తున్నది ఎవరనుకున్నారు? రాయపరెడ్డే!

కింద కట్టుకట్టిన చేతులతో మజ్జిగ ముంత పట్టుకుని ఇన్నాసమ్మ నిలబడింది. ఆయన పైనుంచి తొంగి చూశాడు.

"అక్కా!" అని పిలిచాడు. అన్నేళ్ళలో ఆయన ఆమెను అలా పిలవడం అదే మొదలు. "నిన్న నేను కేకలేస్తూ నిలబడ్డ ఆ కాసేపట్లో రెండో ఇల్లు అంటుకుందట. నన్ను క్షమించు."

"దిగి మజ్జిగ తాగు తమ్ముడూ, ఎండ మండిపోతోంది" అంది ఇన్నాసమ్మ.

విన్నారు కదా పిల్లలూ! నియమం పాటించేవాడు మంచివాడు. ఆ నియమం ఎవరి మేలు కోసం పుట్టిందో ఎరిగి నడిచేవాడు ధన్యుడు.