ఎదురు బాణాలు

మృత్యుంజయకి ప్రాణం విసిగిపోయింది. మూడు వారాలుగా ఒకటే అణువు, ఒకటే లెక్క, ఒకటే తప్పు.

అణువంటే మరేం కాదు, రెండు బంగారు తీగల కొనల మధ్య ఇరుక్కున్న చిన్న ఉంగరం లాంటిది. ఎడమ తీగలోంచి వచ్చిన కరెంటుకి ఉంగరం దగ్గర పైనొకటి, కిందొకటి రెండు దారులుంటాయి. అవి మళ్ళీ కుడి తీగలో కలుస్తాయి. ఏ దారిలో ఎటువైపు ఎంత పోతోందో కంప్యూటరు బాణాలు గీసి చూపిస్తుంది. తీగలో పోయేది పది పాళ్ళు. బొమ్మలో బాణాలు కూడితే పద్నాలుగు. ఆ నాలుగు ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాయో దేవుడికే తెలియాలి.

ఈ లెక్క మీద తను వ్యాసం పంపిన పత్రికవాళ్ళూ అదే అడిగారు. శుక్రవారంలోగా జవాబు చెప్పకపోతే వ్యాసం పోయినట్టే. వ్యాసం లేకపోతే థీసిస్ తీసుకోరు. అయిదేళ్ళ చాకిరీ నాలుగు పాళ్ళ దగ్గర ఆగిపోయింది.

బుధవారం పొద్దున్నే లాప్‌టాప్ పట్టుకుని దానియేలు గారి గదికి వెళ్ళాడు. ఆయన అతని గైడు. అడిగినదానికి ఏనాడూ సూటిగా జవాబిచ్చిన పాపాన పోలేదు.

"సాఫ్ట్‌వేర్‌లోనే లోపం ఉంది సార్. రాసినవాళ్ళకి ఈమెయిలు పెట్టేస్తాను," అన్నాడు మృత్యుంజయ.

దానియేలు గారు కళ్ళజోడు పైకి తోసుకుని బొమ్మ చూశారు. "కింది దారి ఖాళీగా ఉందేం?"

"అక్కడ బాణాలు వెనక్కి తిరిగి ఉన్నాయి సార్. వోల్టేజీ ఇటు తోస్తుంటే కరెంటు అటు పోవడమేమిటి, అర్థం లేకుండా? బొమ్మ పాడవుతోందని తీసేశాను. ప్రోగ్రాములో ఒక్క లైను రాస్తే పోయింది."

ఆ ఒక్క లైను గురించి చెప్పేటప్పుడు అతని గొంతులో కాస్త గర్వం కూడా ఉంది.

ఆయన లాప్‌టాప్ మూసేశారు. "పదింటికి సెమినార్ ఉంది. వెళ్ళి హాజరు పుస్తకం చూసుకో. రెండు తలుపుల మీదా కన్నేసి ఉంచు. టీ సంగతి క్యాంటీన్ నూకరాజుకి నేను చెప్తాను."

మృత్యుంజయకి ఒళ్ళు మండింది. ఇల్లు తగలబడుతోందని వస్తే వాకిలి ఊడవమన్నట్టుంది ఈయన వరస. అయినా గైడు మాట. వెళ్ళి నిలబడ్డాడు.

ఆ హాలుకి ఒకే గోడకి రెండు తలుపులు. ముందు తలుపు దగ్గర పుస్తకంలో సంతకం పెట్టడం, లోపలికెళ్ళి వక్తగారి కంట్లో పడటం, వెనక తలుపులోంచి జారుకోవడం ఆ డిపార్టుమెంటులో తరతరాల ఆచారం. మృత్యుంజయ కూడా అయిదేళ్ళుగా నిష్ఠగా పాటించాడు. ఈసారి కాపలా తనదైంది. ముందునించి నలభై ఒక్కమంది వచ్చారు. వెనకనించి పదముగ్గురు పోయారు. ఒకడు పోతూ పోతూ కన్ను కూడా గీటాడు.

ఉపన్యాసం అయ్యాక నూకరాజు టీ తెచ్చాడు. అందరూ తాగారు. ఇంకా పదమూడు గ్లాసులు పళ్ళెంలో మిగిలిపోయాయి.

"ఇన్నెందుకు తెచ్చావు?" అన్నాడు మృత్యుంజయ.

"సారు పుస్తకం చూసి నలభై ఒకటి తెమ్మన్నారు బాబూ."

దానియేలు గారు పక్కనే తీరిగ్గా టీ తాగుతున్నారు. మృత్యుంజయకి చిర్రెత్తుకొచ్చింది.

"ఒక్క పుస్తకం చూస్తే ఎలా సార్? పదముగ్గురు వెనక తలుపులోంచి పోయారు, నా కళ్ళతో చూశాను. వాళ్ళని కూడా లెక్కలోకి తీసుకుంటేనే కదా తెలిసేది? లోపల ఉన్నది ఇరవై ఎనిమిది మందే."

"సెమినార్‌కి జనం లోపలికి వస్తారు గానీ బయటికెందుకు పోతారయ్యా, అర్థం లేకుండా?" అన్నారు దానియేలు గారు. "అందుకే వాళ్ళని తీసేశాను."

మృత్యుంజయ పళ్ళెంలో మిగిలిన గ్లాసుల వైపు చూశాడు.

ఆయన గ్లాసు పళ్ళెంలో పెట్టి లేచారు. "లెక్కయితే కుదరలేదు. నూకరాజులోనే ఏదో లోపం ఉన్నట్టుంది. అతనికో ఈమెయిలు పెట్టు."

నూకరాజు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. దానియేలు గారు వెళ్ళిపోయారు.

మృత్యుంజయ ఆ ఖాళీ హాల్లోనే కూర్చుని లాప్‌టాప్ తెరిచాడు. తను రాసిన ఆ ఒక్క లైను వెతికి కొట్టేశాడు. ఉంగరం కింది దారిలో బాణాలు వెనక్కి తిరిగి బారుగా నిలబడ్డాయి. నాలుగు పాళ్ళు.

"బాబూ, ఈ టీలు ఏటి సెయ్యమంటారు?" అన్నాడు నూకరాజు.

మృత్యుంజయ చెయ్యి చాపి ఒక గ్లాసు అందుకున్నాడు. చల్లారిపోయిన టీ తాగాడు.