అరచేతిలో ఏముంది?

అనగనగా ధవళకేతుడని ఒక రాజు. ఆయనకు కోటలున్నాయి, ఏనుగులున్నాయి, కాస్త ఓపికే లేదు. పిల్లలు "ఇదేమిటి? అదెందుకు?" అంటే చాలు, ఒళ్ళు మండిపోయేది.

ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు కత్తిసాములో దిట్ట. రెండోవాడు గుర్రపుస్వారీలో దిట్ట. మూడోవాడు చిత్రసేనుడు, మీసాలొచ్చినా ప్రశ్నలు మానని ప్రశ్నల పుట్ట. లేక లేక పుట్టిన కూతురు మందారవల్లి ఇంకా పాలుతాగే పాప.

ఒకనాడు కరాళుడనే మాంత్రికుడు కొలువుకొచ్చి "ఏం కావాలో కోరుకో" అన్నాడు. "పసిపిల్లల గోల లేకుండా చెయ్యి" అన్నాడు రాజు. వాడు రాజ్యంలోని పసివాళ్ళ కుతూహలమంతా జోలెలో ఊడ్చుకుని ఏడు సముద్రాల అవతలికి పోయాడు. రాజు హాయిగా నిద్రపోయాడు, పిచ్చి మహారాజు!

పాపకు అన్నప్రాశన చేశారు. ముందు పుస్తకం, బంగారం, కత్తి, పూలు పరిచారు. పాప దేనివైపూ పాకలేదు. గిలక ఆడించినా తల తిప్పలేదు. మర్నాటినుంచి ముద్దకు నోరు కూడా తెరవలేదు. ఇంటింటా ఇదే తంతు. "చూడకుండా, ముట్టుకోకుండా బిడ్డ ఎలా బతుకుతుంది తల్లీ!" అని దాది ఏడ్చింది. తన నోటితో తానే అడిగానని రాజు కుమిలిపోయాడు.

మాంత్రికుణ్ణి వెతుకుతూ పెద్దవాడు వెళ్ళాడు, రాలేదు. రెండోవాడు వెళ్ళాడు, రాలేదు. చిత్రసేనుడు బయల్దేరాడు.

సముద్రం ఒడ్డున ముసలి తాబేలు మూలుగుతోంది. "ఏం తాతా, ఎక్కడ నొప్పి?" అన్నాడు.

"మీ అన్నలూ ఇటే పోయారు నాయనా, ఈ మాట అడిగింది నువ్వే. డొప్పకింద ముల్లు దిగింది" అంది తాబేలు.

అతను ముల్లు తీశాడు. తాబేలు అతన్ని ఏడు సముద్రాలూ దాటించింది.

అక్కడి కోట తోటలో మాంత్రికుడు ఎత్తుకొచ్చిన రాకుమారి నాగమల్లిక ఉంది, పక్కనే పంజరంలో ఒక చిలక. "వాడి ప్రాణం ఈ చిలకలో ఉంది. పంజరం ముట్టుకుంటే రాయైపోతారు. మీ అన్నలు వచ్చీ రాగానే చెయ్యి వేశారు" అంటూ రెండు రాళ్ళు చూపించింది.

"గడియ లోపలివైపే ఉందే! చిలక తీసుకోదా?"

"బయట ఏముందో తెలిస్తే కదా!"

చిత్రసేనుడు గడ్డిలోంచి ఏదో తీసి గుప్పిట మూశాడు. వేళ్ళ సందులోంచి చూసి, "అబ్బో!" అన్నాడు. మళ్ళీ చూసి పకపకా నవ్వాడు.

చిలక మెడ సాచింది. "ఏముంది?"

"చెబితే ఏం బాగుంటుంది? వచ్చి చూడు."

చిలక అటు తిరిగింది, ఇటు తిరిగింది, ఉండబట్టలేక ముక్కుతో గడియ లాగి అతని చేతిమీద వాలింది. గుప్పిట్లో ఎర్రటి ఆరుద్రపురుగు! చిలక ఆనందంతో ఈల వేసింది.

కరాళుడు పరుగెత్తుకొచ్చాడు. "బాబ్బాబు, దాని మెడ నులమకు!"

"నులమను. జోలె విప్పు, మా అన్నల్ని లేపు."

వాడు చెప్పినట్టే చేశాడు. చిలక తుర్రుమంది. దాని వెంట పరుగెత్తుతూ, "అదేం చెట్టు? ఆ వాగెక్కడిది?" అని మాంత్రికుడే అడగడం మొదలుపెట్టాడు.

అన్నలతో, నాగమల్లికతో చిత్రసేనుడు ఇల్లు చేరేసరికి మందారవల్లి తండ్రి ఒళ్ళో కూర్చుని కిరీటం లాగి కొరుకుతోంది. రాజు దాన్ని వారించలేదు, కళ్ళనీళ్ళు తుడుచుకోలేదు.

చిత్రసేనుడికీ నాగమల్లికకూ పెళ్ళయింది. రాజ్యం అతనికే దక్కింది. తలలు పండేదాకా ఇద్దరూ చల్లగా ఏలారు. కొలువులో ముందు పిల్లలకే మాట. జవాబు తెలియని ప్రశ్న వస్తే చిత్రసేనుడు సింహాసనం దిగి, "నాకూ తెలీదు, పదండి చూద్దాం" అనేవాడు.