ఎలుగుబంటి గుహలో సంత

అనగనగా, కొండల నడుమ ఒక అడవిలో, రాళ్లవాగు రేవు దగ్గర ఒక ముంగిస ఉండేది. దాని పేరు నూకాలు. కొండెక్కి వేర్లు తవ్వుకొచ్చేది. వాటిని రేవులో ఒక బండ మీద పరిచేది. ఒంట్లో బాగాలేనివాళ్లు వచ్చి పట్టుకెళ్లేవారు. బదులుగా పండో, గుడ్డో ఇచ్చేవారు.

ఆ రేవులోనే కూర్మమ్మ అనే ముసలి తాబేలు ఉండేది. దానికి కీళ్లనొప్పులు. నూకాలు ఇచ్చే వేరు నమిలితేనే నాలుగడుగులు వేయగలిగేది.

ఒకరోజు బలభద్రుడనే ఎలుగుబంటి వచ్చింది. "అడవి చివర పెద్ద గుహ తొలిచాను. లోపల ఎండ తగలదు, వాన పడదు. రాత్రయితే మిణుగురులు వెలుగిస్తాయి. అందరి కొట్లూ ఒక్కచోటే! వచ్చెయ్యి నూకాలూ" అంది.

పళ్లమ్మే కుందేలు వెళ్లింది. బుట్టలల్లే గిజిగాడు వెళ్లాడు. నూకాలు మనసూ లాగింది.

"అంత దూరం నేను నడవలేనే తల్లీ" అంది కూర్మమ్మ.

"నువ్వెందుకు నడవడం అవ్వా? రెండు రోజులకోసారి నేనే తెచ్చిస్తాగా!" అని మాటిచ్చి, నూకాలు గుహకు వెళ్లిపోయింది.

ఆ గుహ వైభవం ఏం చెప్పమంటారు! లేళ్లు మందలుగా వచ్చేవి. నెమళ్లు పిల్లలతో వచ్చేవి. ఏమీ కొనకపోయినా, చల్లగా ఉందని అడవిపందులు సాయంత్రం దాకా తిరిగేవి. నూకాలుకు ఊపిరి సలిపేది కాదు. మొదట్లో చెప్పినట్టే రెండు రోజులకోసారి రేవుకు వెళ్లింది. తర్వాత వారానికోసారి వెళ్లింది. ఆ తర్వాత, "రేపు వెళ్దాంలే" అనుకోవడమే మిగిలింది.

అలా మూడేళ్లు గడిచాయి. అప్పుడు కాకులు ఒక కొత్త పని మొదలుపెట్టాయి. ఉన్నచోటు నుంచే ఒక్క కేక వేస్తే చాలు, ఏం కావాలన్నా తెచ్చి గుమ్మంలో పెట్టేవి. ఇక గుహ దాకా ఎవరు నడుస్తారు? లేళ్లు మానేశాయి. నెమళ్లు మానేశాయి. కుందేలు పళ్లు కుళ్లిపోయాయి. అది వెళ్లిపోయింది. గిజిగాడూ ఎగిరిపోయాడు. మిణుగురులు కూడా పోయాక, గుహలో గబ్బిలాల కంపు మిగిలింది.

"ఈ వానాకాలం దాకా ఆగు నూకాలూ, జనం మళ్లీ వస్తారు" అంది ఎలుగుబంటి. ఆ మాట అన్న వారానికే అదీ కనిపించలేదు.

నూకాలు వేర్లు మూటగట్టుకుని రేవుకు పరుగెత్తింది. కూర్మమ్మ లేదు. ఒడ్డున ఎండ్రకాయ కనిపించింది.

"అవ్వేదీ?" అంది నూకాలు.

ఎండ్రకాయ జరిగింది చెప్పింది. "పోయిన వేసవిలో నొప్పులు ఎక్కువయ్యాయి. కాకుల్ని పిలుస్తానన్నాను. వద్దంది. 'నూకాలు వస్తానంది. పని ఎక్కువై ఉంటుంది, నేనే మెల్లగా వెళ్తాను' అని బయల్దేరింది. నాలుగు రోజులు నడిచింది. సగం దారిలో, ఎండలో పడిపోయింది."

నూకాలు ఆ దారి వెంట వెళ్లింది. ముళ్లపొద కింద ఖాళీ డిప్ప కనిపించింది. దాని పక్కన కూర్చుని చాలాసేపు ఏడ్చింది.

ఆ ఏడు వాగు పొంగి ఎందరివో గూళ్లు, బొరియలు కొట్టుకుపోయాయి. ఏనుగులు పాడుబడ్డ గుహకొచ్చి ఒక పక్క గోడ పడగొట్టాయి. లోపలికి ఎండ వచ్చింది. కొట్లున్నచోట ఎండుగడ్డి పరిచి, ముసలివాళ్లకూ జబ్బుపడ్డవాళ్లకూ చోటిచ్చాయి. నూకాలు వచ్చి, "మందిచ్చే పని నాకివ్వండి" అని అడిగింది.

ఇప్పుడు అది కొట్టు పెట్టలేదు. వేర్లు నోట కరుచుకుని, కదల్లేనివాళ్ల దగ్గరకు తనే తిరిగింది. మొదటిరోజు కాళ్లు విరిగిన ఏదుపంది మందు నమిలి, "రేపు కూడా వస్తావా అమ్మా?" అని అడిగింది.

వస్తానని నూకాలు నోటితో చెప్పలేకపోయింది. మర్నాడు పొద్దు పొడవకముందే దాని పక్కన కూర్చుని ఉంది.

నీతి: నమ్ముకున్నవారికి ఇచ్చిన మాటను రేపటికి వాయిదా వేయకూడదు. మనకు తీరిక దొరికేదాకా వాళ్లు ఉండకపోవచ్చు.