ఆకాశం కేసి చూసిన కోళ్లు

సన్యాసమ్మ దొడ్డిలో కోళ్లకి ఒక అలవాటు ఉండేది. రెండు గింజలు ఏరుకోవడం, ఒక కన్ను ఆకాశం కేసి తిప్పడం. మళ్లీ రెండు గింజలు, మళ్లీ ఆకాశం. గద్ద భయం మరి. గద్ద కంటికి ఆనకుండా సన్యాసమ్మ కోడిపిల్లలకి రంగు పూసేది. ఏ ఏటి పిల్లలో తెలియడానికి ఏటికో రంగు. ముందటేడు పసుపు, నిరుడు పచ్చ, ఈ ఏడు గులాబీ.

పెట్టలు మేతకి పోయేటప్పుడు పిల్లల్ని గడ్డివామి పక్కన గంప బోర్లించి దాని కింద ఉంచి, ముంగిసకి అప్పగించేవి. ముంగిసంటే అందరికీ గురి. ఒకప్పుడు మేత వేసే గాడి కింద దూరిన నాగుపామును చంపి గేదె దూడని బతికించాడు. అప్పటినుంచి చిన్నా పెద్దా అందరికీ ఆయన ముంగిస మామే.

అప్పుడప్పుడూ ఒక పిల్ల కనబడకుండా పోయేది. "గద్ద, పాడు గద్ద!" అని మామ కళ్లు ఒత్తుకునేవాడు. కోళ్లన్నీ పైకి చూసి తిట్టిపోసేవి. కిందకి చూడాలని ఒక్కదానికీ తోచలేదు. అదే నాకు ఇప్పటికీ వింత.

ఒకనాడు తెల్లపెట్ట తన చిన్నపిల్ల నూకని గంప కేసి తోలితే, అది తల్లి కాళ్లకి అడ్డం పడింది.

"నేను వెళ్లనమ్మా."

"నిన్నా ఇదే రాగం. మామ ఏమనుకుంటాడే?"

"మామ దగ్గరికే వెళ్లను."

తల్లి విసుక్కుంటూ ముక్కుతో నెట్టబోయి ఆగిపోయింది. పిల్ల వీపు మీద గులాబీ నూగు లేదు. చర్మం కమిలి ఉంది.

"ఎవరు చేశారు తల్లీ?"

నూక తల్లి పొట్ట కిందికి దూరబోయింది. తల్లి తొందరపెట్టలేదు. రెక్క ఎత్తి లోపలికి లాక్కుంది. ఆ రెక్క కిందనుంచి సన్నటి గొంతు వచ్చింది.

"మామే. గంప ఎత్తి తన బొరియలోకి తీసుకెళ్తాడు. ఎవరికైనా చెబితే పాముని పిలిచి నిన్ను కరిపిస్తానన్నాడు. ఇప్పుడు చెప్పేశాను కదా... పాము వస్తుందా?"

"రాదు. చెప్పి మంచి పని చేశావు. ఇందులో నీ తప్పు ఇసుమంతైనా లేదు."

నూకని రెక్క కిందే పెట్టుకుని తెల్లపెట్ట దొడ్డి పెద్ద డేగపుంజు దగ్గరికి వెళ్లింది. అంతా విని పుంజు మెడ నిక్కించాడు.

"పాముని చంపినవాడి మీదా ఈ మాట? పసిపిల్లలు ఏవో కలలు కంటారు."

"కల వచ్చి వీపు మీద నూగు పీకుతుందా బావా?"

"మెల్లగా! పక్క దొడ్డి వాళ్లు వింటే మన పరువేం కాను? నేను నచ్చజెప్పి ఆయన్ని ఆ పక్క దొడ్డికి పంపించేస్తాలే. గుట్టుగా సర్దుకుందాం."

గేదె నెమరు ఆపింది. "పక్క దొడ్డిలో పిల్లలు లేరా పుంజూ?"

పుంజు తెల్లబోయాడు. "నీ దూడ ప్రాణం నిలిపాడే. నువ్వేనా ఈ మాట అనేది?"

"నిలిపాడు. ఆ మేలుకి దండం పెడతాను, పిల్లల్ని బదులు ఇవ్వను. కంచే చేను మేస్తుంటే, ఆ కంచె నాటినవాళ్లం చూస్తూ కూర్చుంటామా?"

అప్పుడు మూలనుంచి కుంటిపెట్ట లేచింది. నిరుటి పచ్చపిల్లల్లో మిగిలింది అదొక్కతే. "ఈసారి గంప కింద నేను కూర్చుంటాను. పిల్లలెవ్వరూ వద్దు."

పిల్లల్ని గేదె గాడిలో దాచారు. తెల్లపెట్ట వాటి మీద రెక్కలు కప్పి కూర్చుంది. మిగతావాళ్లు మేతకి పోయినట్టే పోయి, వెనక్కి వచ్చి, దొడ్డి కుక్కతో కలిసి గడ్డివామి చాటున నక్కారు. పుంజుని గేదె కొమ్ముతో తోలుకొచ్చింది.

ముంగిస వచ్చాడు. అటూ ఇటూ చూశాడు. గంపకి మూతి ఆనించి తేనె పూసినట్టు పిలిచాడు.

"నూకా, బంగారూ! అమ్మకి చెప్పలేదుగా? చెబితే పాము ఏం చేస్తుందో గుర్తుందిగా?"

గడ్డివామి వెనక అందరూ విన్నారు. పుంజు జుట్టు పాలిపోయింది.

గంప అంచు లేచింది. లోపలినుంచి కుంటిపెట్ట ముంగిస కళ్లలోకి చూసింది.

"చెప్పింది మామా. నేను చెప్పలేకపోయాను. అది చెప్పింది."

ముంగిస వెనక్కి ఎగిరాడు. వెనక కుక్క ఉంది. పక్కకి దూకబోతే, కుంటిపెట్ట ఇవతలికి తప్పుకోగానే గేదె కొమ్ముతో తిప్పిన అదే గంప నెత్తిన పడింది. గంప మీద గేదె గడ్డం ఆనించింది.

"అయ్యో, ఆటకి అన్నాను!" గంపలోంచి కేకలు. "నేను లేకపోతే మీరంతా పాములపాలు! ఉపకారం మరిచిపోతారా?"

కుక్క వెళ్లి బొరియ తవ్వింది. ముందు గులాబీ నూగు బయటపడింది. దాని కింద పచ్చ. ఇంకా కింద, మట్టిలో కలిసిపోయి, పసుపు. పెట్టలన్నీ ఆ రంగుల చుట్టూ నిలబడ్డాయి. గద్ద ఎత్తుకుపోయిందని ఏడ్చిన పిల్లలవి.

"ఆ పచ్చలో నాదీ ఉంది," అంది కుంటిపెట్ట. "నా కాలు విరిచింది గద్ద కాదు."

పుంజు తల దించుకున్నాడు. "గుట్టుగా సర్దుకుందామన్నది నేనే," అన్నాడు. తర్వాత ఎవరూ చెప్పకుండానే గోడెక్కి, మిట్టమధ్యాహ్నం, గొంతు చీలేలా కూశాడు. సంగతంతా దొడ్డి దొడ్డికీ వినిపించేలా కూశాడు.

పక్క దొడ్డి కోళ్లు పరువు మాట ఎత్తలేదు. గబగబా తమ పిల్లల వీపులు చూసుకున్నాయి.

వేళకాని కూతకి సన్యాసమ్మ పరుగెత్తుకొచ్చింది. నూగు కుప్పనీ, గంప కింద ముంగిసనీ చూసింది. తర్వాత గంపని గోనెతో బిగించి, ముంగిసని ఇనప బోనులో వేయించింది. ఇన్నాళ్లూ పాము పేరు చెప్పి పిల్లల నోళ్లు నొక్కినవాడు, తన నోటి మాటతోనే చిక్కాడు.

ఆ సాయంత్రం నూక తల్లి రెక్కలోంచి తల బయటపెట్టింది.

"పాము రాలేదు కదమ్మా?"

"రాలేదురా."

అప్పటినుంచి ఆ దొడ్డి కోళ్ల అలవాటు కొంచెం మారింది. రెండు గింజలు, ఒక చూపు ఆకాశం కేసి, ఒక చూపు పిల్ల మొహం కేసి.

గద్దకి భయపడండి, తప్పులేదు. కానీ బిడ్డ "వెళ్లను" అంటే, ముందు దాని వీపు చూడండి.