భల్లూకరావు గారి సేవా తరగతి

అనగనగా ఒక అడవి, ఆ అడవికి ఒక కోర్టు. అడవిలో కోర్టేమిటని నవ్వకండి. నోరున్నవాళ్లు నలుగురు ఒకచోట ఉంటే తగాదా రాకుండా ఉంటుందా? తగాదాలొచ్చాయి, కోర్టూ వచ్చింది, దాని వెనకాలే వకీళ్లూ వచ్చారు.

ఆ కోర్టులో జడ్జి గారు తాబేలు. ఆయన తొందరపడరు, అలాగని పని ఎగ్గొట్టరు. కేసులు పిలిచే బంట్రోతు నెమలి. దాని గొంతు రెండు కొండల అవతలికి వినపడుతుంది. అక్కడ ఒక పద్ధతి ఉంది. ఒక్కో కేసును మూడుసార్లు పిలుస్తారు. మూడో పిలుపుకు కూడా వకీలు వచ్చి నిలబడకపోతే కేసు కొట్టేస్తారు. ఏడ్చినా అంతే, మొత్తుకున్నా అంతే. వకీలును పెట్టుకున్న వాళ్లు తమంతట తాము మాట్లాడడానికి కూడా వీల్లేదు. వాయిదా అడగాలన్నా వకీలే లేచి అడగాలి.

ఆ వకీళ్లందరికీ ఒక సంఘం ఉంది. దాని ప్రెసిడెంటు ఎలుగుబంటి భల్లూకరావు గారు. ఆయన నల్లకోటు కుట్టించుకోనక్కర్లేదు, పుట్టుకతోనే ఉంది. రొమ్ము మీద తెల్లపట్టీ కూడా పుట్టుకతోనే వచ్చింది. వాదిస్తే బాగా వాదిస్తాడు, నేనెందుకు కాదనాలి? కాకపోతే ప్రెసిడెంటు అయినప్పటి నుంచీ వాదించడం తగ్గింది, వేదికలెక్కడం పెరిగింది.

ఒకరోజు భల్లూకరావు సంఘం వాళ్లనందరినీ కూర్చోబెట్టి ఇలా అన్నాడు:

"మనల్ని చూస్తే జనం భయపడుతున్నారు. నాయకుడంటే పెత్తనం చేసేవాడు కాదు, సేవ చేసేవాడు. ఈ సంగతి మన వకీళ్లు నేర్చుకోవాలి. దీని మీద ఒక తరగతి పెడదాం. అందరూ తప్పకుండా రావాలి."

మంచి మాటే. మాటలో ఏ లోపమూ లేదు. పొరుగు అడవి నుంచి పెద్దాయన కొండముచ్చు గారిని పిలిపించి మాట్లాడిద్దామన్నారు, అదీ మంచిదే. ఇంతకీ తరగతి ఎప్పుడు పెట్టారనుకున్నారు? బుధవారం పొద్దున, సరిగ్గా కోర్టు నడిచే వేళకు. ఆదివారం పెట్టుకోవచ్చు కదా? ఎవరో అడిగారు కూడా. "ఆదివారం ఎవరొస్తారండీ" అన్నాడు భల్లూకరావు. సేవ నేర్చుకోవడానికి కూడా సెలవురోజు పాడు చేసుకోకూడదు మరి.

అప్పుడు భల్లూకరావు జడ్జి గారి దగ్గరికి వెళ్లాడు.

"అయ్యా, బుధవారం పొద్దున కేసులన్నీ వాయిదా వేయండి. మాకు సేవ మీద తరగతి ఉంది" అన్నాడు.

"కుదరదు. మీకు కావాలంటే మీరు మానుకోండి. నా బల్ల మీదున్న కేసుల కట్టలు మానుకోలేవు" అన్నారు తాబేలు గారు.

బయటికొచ్చి భల్లూకరావు ఏమన్నాడో తెలుసా? "అలాగే అంటారులెండి. తీరా ఆ రోజు ఆయనే వాయిదా వేస్తారు. ఎన్నిసార్లు చూడలేదు మనం?" అన్నాడు. వకీళ్లందరూ తలలూపారు. వాయిదా దొరుకుతుందిలే అనే ఆ ధీమా ఉంది చూశారూ, అది వకీళ్లకు తప్ప ఇంకెవరికీ రాదు.

ఆ బుధవారమే కౌజమ్మ కేసు ఉంది. కౌజమ్మ అంటే కౌజుపిట్ట. గుప్పెడంత ఉంటుంది. వాగు గట్టున గడ్డిలో ఏడు గుడ్లు పెట్టుకుని పొదుగుతోంది. ఆ గడ్డి కింద గడ్డలున్నాయి, వాటిని తవ్వుకు తింటానని అడవిపంది వచ్చింది. కౌజమ్మ కోర్టుకెక్కితే, బుధవారం దాకా పంది ఆ గడ్డిలో కాలు పెట్టకూడదని జడ్జి గారు స్టే ఇచ్చారు. బుధవారం వకీలు లేచి అడిగితే ఆ స్టే ఇంకో వారం పొడిగిస్తారు. నాలుగు రోజులు ఆగితే గుడ్లు పిల్లలవుతాయి. ఆమెకు కావలసింది ఆ నాలుగు రోజులే.

కౌజమ్మ వకీలు ఎవరంటారా? ఇంకెవరు, భల్లూకరావు గారే.

మంగళవారం సాయంత్రం కౌజమ్మ ఆయన దగ్గరికి వచ్చి, "సార్, రేపు మన కేసుంది" అని గుర్తు చేసింది.

"నాకు తెలీదా? నువ్వు గుడ్లు చూసుకో. కేసు నేను చూసుకుంటా" అన్నాడాయన.

బుధవారం వచ్చింది. తరగతి జరిగే సభకూ కోర్టుకూ మధ్య ఒక్క గోడే అడ్డం. కోర్టులో వకీళ్ల బెంచీలన్నీ ఖాళీ. పంది ఒక్కడే వచ్చి నిలబడ్డాడు. అతని వకీలు కూడా సేవ నేర్చుకోవడానికే వెళ్లాడు. పనయ్యేలా లేదని పంది ముందే అతన్ని మాన్పించి, తన కేసు తానే చెప్పుకుంటానని రాసిచ్చేశాడు. ఆపాటి తెలివి పందికైనా ఉంది.

"కౌజమ్మా... అడవిపందీ..." అని నెమలి మొదటిసారి పిలిచింది.

కౌజమ్మ సభలోకి పరుగెత్తింది. వేదిక మీద భల్లూకరావు మెడలో దండ వేస్తున్నారు.

"సార్, పిలుస్తున్నారు" అంది కౌజమ్మ.

"మొదటి పిలుపేగా. ఇంకా రెండున్నాయి" అన్నాడు భల్లూకరావు.

కాసేపటికి నెమలి రెండోసారి పిలిచింది. కౌజమ్మ మళ్లీ పరుగెత్తింది. ఈసారి భల్లూకరావు ఉపన్యాసంలో ఉన్నాడు. "సేవ అంటే ఏమిటి? ఎదుటివాడి కష్టం చెవులారా వినడం" అని చెబుతున్నాడు. కౌజమ్మ ఆయన కాలి దగ్గర నిలబడి, "సార్, రెండో పిలుపు" అంది. ఆయన గొంతు తగ్గించి, "మధ్యలో అడ్డం రాకమ్మా. ఉడుము గారిని పంపిస్తాలే, వాయిదా అడుగుతాడు" అన్నాడు. ఉడుము సంఘానికి సెక్రటరీ. ఆయన ఉడుముకు సైగ చేశాడు. ఉడుము పక్కనున్న కుందేలుకు సైగ చేసింది. కుందేలు సరేనని తలూపి, ఉపన్యాసంలోని మాటలు పుస్తకంలో రాసుకుంటూ కూర్చుంది. ఎవరూ లేవలేదు. ఎవరో వెళ్లారని అందరూ అనుకున్నారు.

కౌజమ్మ మూడోసారి గుమ్మంలోకి వచ్చింది. ఇక పిలుపు ఒక్కటే మిగిలింది. ఈసారి లోపలికి రాకుండా ఆయన వైపే చూస్తూ నిలబడింది.

వేదిక మీదున్న కొండముచ్చు గారు అడిగారు: "ప్రెసిడెంటు గారూ, ఆ పిట్ట ఎవరండీ? మూడోసారి రావడం."

"నా కేసు తాలూకు పిట్టేనండి."

"మరి మీరు వెళ్లరా?"

భల్లూకరావు గుమ్మం వైపు చూశాడు. తర్వాత సభ వైపు చూశాడు. అందరూ ఆయన్నే చూస్తున్నారు. ఆఖర్న ప్రతిజ్ఞ చదివించడం ఒక్కటే మిగిలింది, అది ప్రెసిడెంటు చదివించాల్సిందే. నాలుగంగల్లో కోర్టు. వెళ్లి, లేచి నిలబడి, ఒక్క వాక్యం చెప్పి రావచ్చు.

"రెండు నిమిషాలండి. ప్రతిజ్ఞ చదివించి వెళ్తాను" అన్నాడు.

చదివించాడు. వకీళ్లందరూ కుడిచేతులు చాచి, గట్టిగా పలికారు: "నన్ను నమ్మి వచ్చినవారి పనే నాకు మొదటి పని." ఆ గొంతుల హోరులో గోడ అవతల నెమలి పిలిచిన మూడో పిలుపు ఒక్కరికీ వినపడలేదు. ఈ ముక్క చెప్పేటప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. రెండు కొండల అవతలికి వినపడే గొంతు అది.

జడ్జి గారు కాసేపు చూశారు. ఆ తర్వాత కేసు కొట్టేశారు. స్టే పోయింది.

భల్లూకరావు సభలో కప్పిన శాలువా సర్దుకుంటూ బయటికి వచ్చేసరికి కౌజమ్మ మెట్టు మీద కూర్చుని ఉంది.

"అయ్యో, కొట్టేశారా? ఏం భయం లేదు. రేపు పిటిషన్ వేసి మళ్లీ తెరిపిద్దాం. నాదీ పూచీ" అన్నాడు.

"రేపటికి గుడ్లుండవండి. పంది ఇందాకే బయల్దేరాడు" అని చెప్పి కౌజమ్మ గూటి వైపు ఎగిరిపోయింది. ఆయనను తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

అప్పుడు తెలిసొచ్చింది భల్లూకరావుకు. భోజనానికి లేస్తున్న జడ్జి గారి దగ్గరికి పరుగెత్తి, తప్పు నాదేనండి, కేసు తెరవండి అని బతిమాలాడు.

"నోటిమాట చాలదు. రాసి, నకలు జతచేసి, సీలు వేయించి పట్టుకురా. నేను భోజనానికి వెళ్లను, ఇక్కడే ఉంటాను" అన్నారు తాబేలు గారు.

భల్లూకరావు సభలోకి పరుగెత్తాడు. అక్కడ విస్తళ్లు వేశారు.

"ఉడుము గారూ, అర్జెంటుగా ఒక పిటిషన్ రాసిపెట్టండి" అన్నాడు.

"తప్పకుండా సార్. ఈ ముద్ద తిని వస్తాను. రెండు నిమిషాలు" అంది ఉడుము.

"కుందేలు గారూ, మీరు నకలు రాయండి."

"సర్టిఫికెట్ తీసుకుని వచ్చేస్తాను సార్. రెండు నిమిషాలు."

"ముంగిస గారూ, మీరైనా వెళ్లి సీలు వేయించుకు రండి."

"నేను వెళ్తే గ్రూపు ఫోటోలో ఉండను సార్. ఇంకెవరినైనా పంపండి."

భల్లూకరావుకు కోపం రాబోయింది, కానీ రాలేదు. ఆ మాటలు వాళ్లు ఎవరి దగ్గర నేర్చుకున్నారో ఆయనకు తెలుసు. పొద్దుటి నుంచి ఆయన గంటన్నర మాట్లాడాడు. అందులో ఒక్కటీ ఎవరికీ ఎక్కలేదు. ఆయన చేసిన పని మాత్రం అందరికీ చక్కగా ఎక్కింది.

చేసేది లేక తనే అరుగు మీద చతికిలబడి రాశాడు. మూడేళ్లయింది సొంతంగా పిటిషన్ రాసి. తేదీ మరచిపోయాడు, చించి మళ్లీ రాశాడు. సీలు కోసం వెళ్తే కిటికీలో ఉడుత, "ఇది కాదండీ, ఆ చివరి కిటికీ" అంది. వకీళ్లందరికీ ప్రెసిడెంటు, సీలు ఎక్కడ వేస్తారో తెలియదు. చివరి కిటికీ దగ్గర వరుస ఉంది. ఆ వరుసలో నిలబడ్డాడు. ఆ తర్వాత తాబేలు గారు కాగితం చదివారు. ఆయన ఎలా చదువుతారో మీకు చెప్పనక్కర్లేదు. చదివి, స్టే మళ్లీ ఇచ్చారు.

ఆ ఉత్తర్వు నోట కరచుకుని భల్లూకరావు వాగు గట్టుకు పరుగెత్తాడు. అప్పటికే గడ్డి సగం తిరగబడి ఉంది. కౌజమ్మ రెక్కలు రెండూ చాచి నేలకు అంటుకుపోయి కూర్చుంది. పంది మూతి ఆమెకు బెత్తెడు దూరంలో ఉంది. భల్లూకరావు మధ్యలో దూరి ఉత్తర్వు చదివాడు.

"కేసు కొట్టేశారంటేనే కదండీ వచ్చాను? ఆగమంటే ఆగుతాను" అని పంది మూతి తుడుచుకుని వెళ్లిపోయాడు. అతని తప్పేముంది?

భల్లూకరావు రొప్పుతూ, "గెలిచాం కౌజమ్మా" అన్నాడు.

కౌజమ్మ లేచి నిలబడింది. ఆమె కింద నాలుగు గుడ్లున్నాయి.

"నేను ఏడు పెట్టానండి" అంది.

భల్లూకరావు వంగి, తిరగబడిన గడ్డిని మళ్లీ గూటి చుట్టూ సర్దాడు.

మర్నాటి నుంచి ఆయన కోర్టు తలుపు తీయకముందే వచ్చి వకీళ్ల బెంచీ మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. తన పిటిషన్లు తనే రాసుకున్నాడు. సీలు వరుసలో తనే నిలబడ్డాడు. ఎవరికీ ఏమీ బోధించలేదు. వారం తిరిగేసరికి కుందేలు వచ్చి పక్కన కూర్చుని, "నకళ్లు నేను రాస్తాను సార్" అంది. ఆ తర్వాత ఉడుము వచ్చింది. ఇప్పుడక్కడ మొదటి పిలుపుకే వకీళ్లు లేచి నిలబడుతున్నారట.

పోనీలే, బాగుపడ్డారు కదా అని మీరు సంతోషిస్తున్నారు. సంతోషించండి, మంచిదే. కానీ కౌజమ్మ తన నలుగురు పిల్లల్నీ వెంటబెట్టుకుని గడ్డిలో నడుస్తూ, ఇప్పటికీ మధ్య మధ్య ఆగి, వెనక్కి తిరిగి ఇంకా ఎవరో రావాలన్నట్టు చూస్తుందట.

నీతి: నాయకుడు చెప్పిన సేవను ఎవరూ నేర్చుకోరు, చేసిన సేవనే నేర్చుకుంటారు. నమ్మినవాళ్లు పిలిచినప్పుడే లేచి వెళ్లాలి.