సేసి సూపించమన్న నూకాలు

అనగా అనగా, మీ తాతగారి తాతకి పాలపళ్లు కూడా రాని రోజుల్లో, కొండలకీ సముద్రానికీ మధ్య ఒక చిన్న రాజ్యం ఉండేది. ఊఁ కొడుతూ వినండి. మధ్యలో నిద్రపోయినవాళ్లకి మళ్లీ చెప్పను.

ఆ రాజ్యంలో నూకాలు అని ఒకావిడ ఉండేది. పొలం లేదు, పుట్ర లేదు. అడవికి పోయి అడ్డాకులు కోసుకొచ్చేది. పుల్లలతో విస్తళ్లు కుట్టేది. కోటలో చెరసాలకి తీసుకెళ్లి ఇచ్చేది. ఖైదీలకి కంచాలిస్తే వాటితో కొట్టుకు చస్తారని రాజుగారి భయం, అందుకని ఆకుల్లోనే కూడు. నూకాలు విస్తరి వేసి ఊరుకునే రకం కాదు. ప్రతి ఖైదీ ముందూ కూర్చుని "ఏటి నాయనా, ఏటి సేసినావు?" అని అడిగేది.

ఆ రాజ్యంలో ఒక వింత చట్టం ఉండేది. శిక్ష పడ్డవాడి తరఫున ఎవరైనా వచ్చి మాట్లాడొచ్చు. కానీ ఆ మాట నిలబడకపోతే, వాడికి పడ్డ శిక్షే వీళ్లకీ పడుతుంది. ఇంకేముంది, నోరున్న పెద్దమనుషులందరూ మూగనోము పట్టారు.

ఒకరోజు చెరసాలలో కొత్త మనిషి కనిపించాడు. పేరు అసిరయ్య. కోట బురుజు మీద పొద్దునా సాయంత్రం గంట కొట్టేవాడు. ఆ గంటనే దొంగిలించాడని పట్టుకొచ్చారు. మర్నాడు కుడిచెయ్యి నరకాలని తీర్పు.

"ఏటి సేసినావు అసిరయ్యా?" అంది నూకాలు. గట్టిగానే అంది. ఏళ్ల తరబడి గంట పక్కన బతికినవాడు, చెవులు సగమే పనిచేస్తాయి.

"గంట కొట్టీసినాను. బంట్రోతులు ఇంటికొచ్చి అడిగితే అదే సెప్పినాను. నిన్న సాయంత్రం కొట్టనేదని కోప్పడతన్నారేమో అనుకున్నాను. కొట్టీసినానని ఒట్టేసి మరీ సెప్పినాను. సెయ్యెందుకు నరుకుతారో తెలీటం నేదు."

నూకాలు అతని మొహంలోకి చూసింది. "సెప్పకు. సేసి సూపించు" అంది.

అసిరయ్య లేచాడు. చేతిలో లేని సుత్తిని పైకెత్తాడు. టంగ్, టంగ్, టంగ్ అని గాల్లో మూడు దెబ్బలు వేశాడు.

నూకాలు పక్కున నవ్వింది. అంతలోనే ఆ చట్టం గుర్తొచ్చింది. నిజం తనకి తెలిసింది, తను చెప్పాలి. చెప్పి నెగ్గకపోతే తన చెయ్యి కూడా పోతుంది. చెయ్యి పోతే విస్తరి కుట్టేదెలా, గంజి తాగేదెలా? రెండుసార్లు ఇంటి దారి పట్టింది. రెండుసార్లూ వెనక్కి తిరిగింది. మూడోసారి తిన్నగా రాజుగారి కొలువులోకి నడిచింది.

"బాబూ, అసిరయ్య దొంగ కాడు. నాది పూచీ."

దివానుగారు నవ్వి, కరణం చేత అసిరయ్య వాంగ్మూలం చదివించారు. గంట కొట్టేశావా అని అడిగితే కొట్టేశానన్నాడు. ఎప్పుడు కొట్టేశావంటే, రోజూ రెండు పూటలా కొట్టేస్తూనే ఉన్నానన్నాడు. ఎవరు నేర్పారంటే, మా అయ్య నేర్పాడు, ఆయన నలభై ఏళ్లు కొట్టేశాడన్నాడు.

"విన్నావుగా? వంశమే దొంగల వంశం" అన్నారు దివానుగారు.

నూకాలు రాజుగారికి దణ్ణం పెట్టింది. "బాబూ, కోప్పడకుండా ఒక్క మాట సెప్పండి. మొన్న పండక్కి అమ్మోరి గుళ్లో గంట తమరు కొట్టీసినారా?"

"కొట్టేశాను. మొక్కు ఉంది, మూడుసార్లు కొట్టేశాను" అన్నాడు రాజు.

నూకాలు కరణం వైపు తిరిగింది. "రాసుకో నాయనా. రాజుగారు అమ్మోరి గంట కొట్టీసినారంట. మూడుసార్లు."

కరణం కలం గాల్లోనే ఆగిపోయింది. రాజుగారి మొహం ఎర్రబడింది, మీసం అదిరింది, తర్వాత పొట్ట కదిలింది. ఆయన పగలబడి నవ్వాక గానీ మిగతావాళ్లు నవ్వడానికి సాహసించలేదు. అసిరయ్యని పిలిపించి, గంట ఎలా కొట్టేశావో చేసి చూపించమన్నాడు. టంగ్, టంగ్, టంగ్.

"మరి మన గంట ఏదీ?" అన్నాడు రాజు.

దొంగ దొరికాడు కదా, ఇక గంటని వెతకడం ఎందుకని ఎవరూ వెతకలేదు. అప్పుడు భటులు పరుగెత్తారు. బురుజు కింద గుర్రాల గడ్డిమేటులో గంట బోర్లా పడి ఉంది, అరిగి తెగిన తాడుతో సహా. దాని మీద కోడిపెట్ట ఒకటి దర్జాగా కూర్చుని ఉంది.

"నేరం కొట్టేశాం" అన్నాడు రాజు. ఈ కొట్టేయడం మాత్రం అందరికీ నచ్చింది. "నీకేం కావాలో కోరుకో నూకాలూ."

"ఆ పాత చట్టం కూడా కొట్టీయండి బాబూ. మాట్లాడ్డానికి జనం భయపడతన్నారు."

చట్టం పోయింది. ఆ రోజు నుంచి శిక్ష పడ్డ ప్రతివాణ్ణీ నూకాలు విన్నాకే శిక్ష అమలు చేసేవారు. ఆవిడ ఆకులు కుడుతూనే వినేది. అత్తకి మందు పెట్టిందని ఒక కోడలికి శిక్ష వేశారు. "సెప్పకు, సేసి సూపించు" అంది నూకాలు. ఆ పిల్ల పసరు నూరి ముసలమ్మ మోకాలికి పూసి చూపించింది. పరాయి పిల్లని ఎత్తుకుపోయాడని చేపలు పట్టే ఒక పల్లెకారుడికి శిక్ష వేశారు. "సెప్పకు, సేసి సూపించు" అంది. అతను గడ్డిమోపుని భుజాన వేసుకుని, మొలలోతు వరదలో ఏరు దాటినట్టు, అవతలి గట్టు వైద్యుడి గుమ్మం దాకా నడిచి చూపించాడు. అందరూ అమాయకులేనా అంటే కాదు. ఒకడు ఎంత చక్కగా చేసి చూపించాడంటే, వాడు వెళ్లాక చూసుకుంటే కరణం కలం లేదు.

నూకాలు నిండుగా బతికి కన్నుమూసింది. ఆవిడ విడిపించిన వాళ్లందరూ పిల్లాజెల్లాతో వచ్చారు. డప్పులు మోగుతుంటే అసిరయ్య ఉన్నట్టుండి చెయ్యెత్తి గాల్లో గంట కొట్టాడు. అది చూసి కోడలు గాల్లో పసరు పూసింది. పల్లెకారుడు లేని పిల్లని భుజానికెత్తాడు. దారి పొడుగునా ఎవరి నేరం వాళ్లు చేసి చూపిస్తూ, ఏడుస్తూ, మధ్యమధ్య నవ్వాపుకోలేక ఆగిపోతూ ఆవిణ్ణి సాగనంపారు.

ఇప్పటికీ ఆ వైపు ఊళ్లలో రచ్చబండ దగ్గర తగువు పెడితే, ముందు "ఇయ్యాల నూకాలెవరు?" అని అడుగుతారు. నింద పడ్డవాడి పక్కన కూర్చునే మనిషికి అదే పేరు. బారెడు మీసాలున్నవాడైనా సరే, ఆ పూటకి నూకాలే. ఇళ్లలో కూడా అంతే. పిల్లాణ్ణి అమ్మ కొట్టబోతుంటే నాయనమ్మ అడ్డం వస్తుంది చూడండి, "వొచ్చిందమ్మా నూకాలు" అంటారు. ఆ మాట అనిపించుకుని ఇంతవరకూ ఏ నాయనమ్మా కోపం తెచ్చుకోలేదు.